పది లెక్కపెట్టేదాకా

ఈదయ్య తడిగుడ్డను పిండి, నాలుగు మడతలు పెట్టి, ఇంజిన్ పక్కనున్న నల్ల డబ్బా మీద కప్పాడు. రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెడితే ఎంతుంటుందో అంత డబ్బా. గుడ్డ అంచుల నుంచి సన్నగా ఆవిరి లేచింది. మొదటి ప్లగ్గు వైరు ఊడదీసి, ప్లాస్టిక్ పిడి ఉన్న పట్టకారుతో దాని కొసను ఇంజిన్ ఇనుముకు వడ్లగింజంత ఎడంగా పట్టుకున్నాడు.

"నరసయ్యా, సెల్ఫ్ కొట్టు."

నరసయ్య ఆ వడ్ల మిల్లులో ఇరవై ఏండ్లుగా ఇంజిన్ డ్రైవరు. బటన్ నొక్కాడు. ఇంజిన్ గరగరమని తిరిగింది. వైరు కొసన ఏమీ లేదు.

"ఆపు. జర ఆగి మళ్ళ కొట్టు."

గుడ్డను బక్కెట్లో ముంచి మళ్ళీ కప్పాడు. మళ్ళీ కొట్టించాడు. ఏమీ లేదు. అట్లా ఐదుసార్లయింది. ఆరోసారి వైరుకూ ఇనుముకూ మధ్య నీలంగా టకటకమని నిప్పురవ్వ దూకింది.

"దొరికిండు," అన్నాడు ఈదయ్య.

"ఎవడన్నా?"

"దొంగ. సల్లగుంటే మంచోడు, ఉడుకెక్కితే పని ఎగ్గొడతడు. గిదే, గీ మాడ్యూలే."

మిర్యాలగూడ శివారులో పెద్ద పెద్ద మిల్లుల నడుమ ఇరుక్కున్న చిన్న మిల్లు అది. ప్రేమలతమ్మది. భర్త పోయాక ఎనిమిదేళ్ళుగా ఆవిడే నడుపుతోంది. మూడు రోజుల కింద యాసంగి వడ్లు కల్లాల మీద ఉండగానే గాలివాన కొట్టింది. స్తంభాలు కూలాయి, మిల్లుకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఇంకో రెండు రోజులు పడుతుందన్నారు. కిరాయి జనరేటర్లన్నీ పెద్ద మిల్లులవాళ్ళు ముందే పట్టుకుపోయారు. అప్పుడు గుర్తొచ్చింది ప్రేమలతమ్మకు, వెనక షెడ్డులో ఉన్న పాత లారీ ఇంజిన్.

ఆ ఇంజిన్ కథ వేరు. ఆవిడ మామగారు ఒక తుక్కు లారీని కొని, ఇంజిన్ ఒక్కటి ఉంచుకుని, మిల్లు ఊకను కాల్చగా వచ్చే గ్యాసుతో నడిచేట్టు మార్పించాడు. డీజిల్ ఒత్తిడికే అంటుకుంటుంది. ఊక గ్యాసు అట్లా కాదు, దానికి నిప్పురవ్వ కావాలి. అందుకని డీజిల్ చిమ్మే నాజిళ్ళు పీకేసి ఆ చోట ప్లగ్గులు పెట్టారు. ఆ ప్లగ్గులకు సరిగ్గా ఏ క్షణాన నిప్పు అందాలో చూసేది ఆ నల్ల డబ్బా, అంటే మాడ్యూలు. ఇంజిన్‌ను మార్చినవాళ్ళెవరో గానీ ఆ డబ్బాను పొగగొట్టానికి జానెడు దూరంలో బిగించి తమ దారిన తాము పోయారు. షెడ్డుకు గోడల్లేని రోజుల్లో గాలి ఆడేది కాబట్టి నడిచింది. తర్వాత గోడలు లేచాయి. కరెంటు నిలకడగా ఉండడంతో ఇంజిన్‌తో పని కూడా పడలేదు. దసరాకు బొట్టు పెట్టించుకోవడం, నెలకొకసారి పది నిమిషాలు తిరగడం, అంతే దాని ఉద్యోగం.

ఇప్పుడు ఐదు గంటలు ఆగకుండా తిరగాలి. ఇంజిన్ తిరిగితే జనరేటరు, జనరేటరు తిరిగితే వడ్లు ఆరబెట్టే డ్రయరు. కానీ నలభై నిమిషాలకే ఎవరో తాళం తీసినట్టు టక్కున ఆగిపోతోంది.

డ్రయర్లో ఉన్నవి గరిడేపల్లి రాధమ్మ వడ్లు, డెబ్బై బస్తాలు. మూడెకరాల కౌలు పంట. రెండు రోజులు తడిసి, నిన్న ట్రాక్టర్లో ఇక్కడికి చేరి, పొద్దున నలభై నిమిషాలు వేడిగాలి తిని, ఇప్పుడు ఉక్కలో ముగ్గుతున్నాయి. పూర్తిగా ఆరనూ ఆరవు, చల్లబడనూ చల్లబడవు. డ్రయరు కింది తలుపు తీసి రాధమ్మ మోచేతిదాకా చెయ్యి దూర్చింది. కాసేపు అట్లాగే ఉంచింది.

"లోపల ఉడుకు పుడుతుందమ్మా," అంది ప్రేమలతమ్మతో. "పొద్దుగూకేలోపట ఆరితే ఆరినట్టు. లేకుంటే రేపు మొలకే. మొలకొచ్చిన వడ్లు కోళ్ళకు గూడ పనికిరావు."

ప్రేమలతమ్మ షెడ్డులోకి వచ్చింది. "ఈదయ్యా, అయితదా కాదా? ఒక్క మాట చెప్పు. కాకపోతే వాటిని తీసి ఏ రోడ్డు మీదనో పోపిస్తా."

"మళ్ళ మబ్బు పట్టింది గదమ్మా. రోడ్డు మీద పోస్తే రెండోసారి తడుస్తయ్. నాకు మధ్యాహ్నం దాక టైమియ్యి."

అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు. మాట్లాడే మెకానిక్ దగ్గర బండి మాట్లాడదని ఈదయ్య నమ్మకం.

ఆయనకు ఏభై తొమ్మిదేళ్ళు. సూర్యాపేటలో ఖమ్మం రోడ్డు మొదట్లో రేకుల షెడ్డు, దానికి బోర్డు లేదు. ఏడో తరగతితో బడి మానేసి, పద్నాలుగో ఏట హైదరాబాద్ నుంచి విజయవాడ తిరిగే లారీ మీద క్లీనరుగా ఎక్కాడు. ఒకసారి మునగాల దాటాక లారీ లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. డ్రైవరు బండి పక్కకు తీసి తువ్వాల పరుచుకుని పడుకున్నాడు. పిల్లవాడు మాత్రం చేతి లైటు పళ్ళతో పట్టుకుని, ఒక్కొక్క వైరూ వెంట వేలు పోనిస్తూ పోయి, చాసిస్ కింద ఎలుక కొరికిన చోటు పట్టుకున్నాడు. అప్పటి నుంచి లారీ లోడు మీద కంటే లారీ వైర్ల మీద ఆయన ధ్యాస ఎక్కువైంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కోదాడలో ఒక ఎలక్ట్రీషియన్ షాపు ముందు లారీ ఆగినప్పుడల్లా టీ తాగే మిషతో నిలబడి చూసేవాడు. చూసింది చూసినట్టు నోటుబుక్కులో బొమ్మ గీసుకునేవాడు. ఇంగ్లీషు రాదు. బొమ్మకు ఇంగ్లీషుతో పనేముంది?

మీటరు కొనే స్తోమత చాలా ఏండ్ల దాకా రాలేదు. ఒక బల్బు, రెండు వైర్లు, తన వేళ్ళు, ఇవే పనిముట్లు. వేడి కొలవడానికి ఆయనకో పద్ధతి ఉండేది. ఇనుము మీద చూపుడు వేలూ నడిమి వేలూ ఆనించి లోపల లెక్కపెట్టేవాడు. మూడు అనేలోపు వేళ్ళు తీయాల్సి వస్తే అక్కడ కరెంటు సామాను ఏదీ పెట్టొద్దు. ఐదు అంటే బతుకుతుంది గానీ ఎక్కువ కాలం కాదు. పది లెక్కపెట్టేదాకా వేళ్ళు నిలిస్తే కండ్లు మూసుకుని బిగించొచ్చు. తర్వాత మంచి మీటరే కొన్నాడు. అది కరెంటు కొలుస్తుంది, వేడి కొలవదు. వేడికి వేళ్ళే. ఈ లెక్క సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లారీవాళ్ళందరికీ తెలుసు. "ఈదన్న పది అన్నడంటే పదే," అనేవాళ్ళు.

కోదాడ స్పేర్‌పార్టుల షాపు ముఖేష్‌కు ఫోన్ చేసి కొత్త మాడ్యూలు ఉందా అని అడిగాడు.

"ఉందండి బాబాయ్, ఒక్కటంటే ఒక్కటే ఉంది," అన్నాడు ముఖేష్. "అదైపోతే మళ్ళీ హైదరాబాద్ నుంచి తెప్పించాల్సిందే. రెండ్రోజులు పట్టుద్ది."

"ఒక్కటి సాలు. మైకు వైరు పది గజాలు పంపు. పాత ఆంప్లిఫయర్ల నుంచి తీసిన దువ్వెన ఉందా, జర పెద్దది?"

"దువ్వెనా? నీ బట్టతలకి దువ్వెనెందుకు బాబాయ్?"

"నాక్కాదుర, నా ఇంజిన్‌కు. దానికి కొత్తగ లగ్గం కుదిరింది."

దువ్వెన అంటే ఆయన మాటల్లో అల్యూమినియం దిమ్మ. ఒక పక్క నున్నగా ఉంటుంది, రెండో పక్క దువ్వెన పండ్లలా రెక్కలుంటాయి. నున్నటి పక్కకు మాడ్యూలు బిగిస్తే దాని వేడి రెక్కల్లోకి పాకి గాలిలో కలిసిపోతుంది.

ముఖేష్ మనిషి హుజూర్‌నగర్ మీదుగా వచ్చే బస్సులో సామాను తెచ్చి పదిన్నరకల్లా మిల్లు గేటు దగ్గర ఇచ్చిపోయాడు. నరసయ్య కొత్త మాడ్యూలు అట్టపెట్టె విప్పబోయాడు.

"ఉండనీ," అన్నాడు ఈదయ్య. "ముందు పాతదాన్నే కొత్త జాగల పెడదం. పాతది నిలబడ్డదంటే జాగ మంచిదన్నట్టు. ఒక్కటే ఉన్న కొత్తదాన్ని పరీక్షకు పెట్టి కాల్చుకుంటె రెండు రోజులు దేవుల్లాడాలె."

అట్టపెట్టెను అట్లాగే అంగీ జేబులో వేసుకుని జాగా వెతకడం మొదలుపెట్టాడు. ఇంజిన్‌కు మూడు బారల దూరంలో గోడను ఆనుకుని ఒక ఇనుప స్తంభం ఉంది. బలంగా ఉంది, కదలదు, ఇంజిన్ అదురు తగలదు. రెండు వేళ్ళు ఆనించాడు. పెదవులు కదిలాయి. పది దాకా వచ్చి ఆగాయి.

"గీడ పెడదం."

"థర్మామీటర్ తెద్దునా అన్నా, డ్రయర్ది ఒకటుంది?" అన్నాడు నరసయ్య. వెంటనే తనే నవ్వాడు. "నాదొక పిచ్చి. ఈదన్న చెయ్యి పెట్టినంక థర్మామీటరెందుకు."

అంతలో టీ వచ్చింది. స్టీలు గ్లాసులు. ప్రేమలతమ్మ కొంగుతో పట్టుకుంది, నరసయ్య తువ్వాలతో పట్టుకున్నాడు. ఈదయ్య ఉత్త చేత్తో అందుకుని ఊదుకుంటూ తాగాడు.

"సూడు, ఏమన్న అనిపిస్తుందా ఆయనకు," అన్నాడు నరసయ్య. "చేతులా అవి, పట్టకార్లా?"

ఈదయ్య నవ్వి గ్లాసు కింద పెట్టాడు.

స్తంభానికి రంగు గీకి, చేతి డ్రిల్లుతో రంధ్రాలు వేసి, దువ్వెన బిగించాడు. దాని మీద వేడిని పాకించే తెల్లటి పేస్టు పలచగా పూసి పాత మాడ్యూలు కూర్చోబెట్టాడు. పలచగా అంటే గోరుతో గీస్తే కింది లోహం మెరిసేంత. "సున్నం లెక్క మందంగ రాస్తరు కొందరు," అన్నాడు ఎవరితోనో కాదు, పనితోనే. "గది పాన్‌కు పనికొస్తది, దీనికి గాదు."

మాడ్యూలు నుంచి ఇంజిన్ దాకా పోయే వైర్లను పొడిగించాడు. ఎప్పుడు నిప్పివ్వాలో సంగతి మోసుకొచ్చే రెండు సన్న వైర్లకు మైకు వైరు వాడాడు. దాని లోపల సన్న తీగల అల్లిక తొడుగులా ఉంటుంది కాబట్టి బయటి కరెంటు గోల లోపలికి పోదు. ప్లగ్గు వైర్లకు దూరంగా గోడ వెంట పోనిచ్చాడు. "వాటి పక్కన పోనిస్తే లేనిపోని మాటలన్నీ వింటది. విని తప్పు టైంల నిప్పిస్తది." ప్రతి అతుకుకూ పొయ్యిలో కాల్చిన కడ్డీతో టంకం పెట్టి, గొట్టం తొడిగి, లాగి చూశాడు.

పదకొండుంబావుకు ఇంజిన్ అందుకుంది. జనరేటరు మోత ఎత్తుకుంది. డ్రయరు పైకప్పు నుంచి తెల్లటి తేమ పొగలా లేచింది. రాధమ్మ కొంగు నడుముకు చెక్కి డ్రయరు కింద గుప్పెడు గింజలు పట్టి, ఒకటి పంటికింద పెట్టి చూస్తూ నిలబడింది. నలభై నిమిషాలు దాటాయి. నరసయ్య వేళ్ళు ముడుచుకుంటూ నిమిషాలు లెక్కపెడుతున్నాడు. ఏభై అయింది. ప్రేమలతమ్మ కుర్చీ తెప్పించుకుని కూర్చుంది.

ఏభై ఐదో నిమిషంలో ఇంజిన్ టక్కున ఆగిపోయింది.

ఊక పొయ్యి చిటపటలు ఒక్కటే వినిపించాయి.

"గంట సేపన్న నడవలే," అంది రాధమ్మ చివరికి. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఈదయ్య ప్లగ్గు వైరు పీకి చూశాడు. నిప్పు లేదు. అదే జబ్బు. జాగా మారినా జబ్బు మారలేదు. అంటే? జాగా మంచిదే, తను పది లెక్కపెట్టాడు కదా. అంటే పాత మాడ్యూలు పూర్తిగా చెడిపోయిందన్నమాట. ఇన్నిసార్లు ఉడికి లోపల ఏదో పగిలి ఉంటుంది. ఇక కొత్తది పెట్టడమే. జేబులోంచి అట్టపెట్టె తీశాడు.

"పెట్టేస్తున్నవా?" అడిగింది ప్రేమలతమ్మ.

"పాతది ఖతమైనట్టుందమ్మా."

స్క్రూడ్రైవరు అందుకోబోయాడు. రాధమ్మ అలసిపోయి, గోడ పక్కన కూర్చుందామని స్తంభాన్ని పట్టుకుని వంగింది. పట్టుకున్నదే తడవుగా చెయ్యి లాక్కుంది.

"అమ్మో! గిదేందన్నా, పెనం లెక్క కాలుతుంది!"

"ఏడ?"

"గీడనే, గీ గుంజ!"

నరసయ్య వచ్చి ముట్టుకుని అరచెయ్యి విదిలించాడు. గోడ అవతలికి పోయి చూసి వచ్చాడు. "అన్నా, అవతల డ్రయర్ వేడిగాలి గొట్టం లేదూ, దాన్ని మోసే కొక్కెం గీ గుంజకే అతికిచ్చిండ్రు. పొయ్యి ఉడుకంత దీంట్లకే వస్తుంది."

ఈదయ్య స్తంభం మీద రెండు వేళ్ళు పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. అందరూ ఆయన వేళ్ళనే చూస్తున్నారు. ఆరు, ఏడు. రాధమ్మ తన కాలిన అరచెయ్యి ఊదుకుంది. పది. వేళ్ళు అక్కడే ఉన్నాయి. వేళ్ళకు కనీసం వెచ్చగా కూడా లేదు. అసలు ఇనుము ముట్టుకున్నట్టే లేదు.

వేళ్ళు తీసి, అంగీ చెయ్యి పైకి మడిచి, మణికట్టు లోపలి పక్కను స్తంభానికి ఆనించాడు. ఒకటి, రె... చర్రుమని లాక్కున్నాడు. తెల్లటి చర్మం మీద ఎర్రటి గీత తేలింది.

కిందటి నెల బొటనవేలి మీద బొబ్బ చూసి భార్య పోచమ్మ అడిగింది, ఎక్కడ కాల్చుకున్నావని. వెల్డింగ్ రవ్వ అన్నాడు. నిజానికి ఎక్కడ కాలిందో ఆయనకు తెలియదు. సూర్యాపేట దవాఖానలో డాక్టరు షుగరుందని చెప్పి, అరికాళ్ళు, వేళ్ళు మొద్దుబారుతున్నాయా అని అడిగితే లేదన్నాడు. పొద్దున కాలి చెప్పు జారిపోయినా తెలియని రోజులు రెండు మూడు ఉన్నాయి. నలభై ఏండ్ల చేతి పని, చర్మం కాయలు కాసి ఉంటుందిలే అనుకున్నాడు. అనుకోవడం తేలికైంది కాబట్టి అనుకున్నాడు.

ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే ఉన్న ఒక్క కొత్త మాడ్యూలు తీసుకుపోయి ఆ పెనం మీద పెట్టేవాడు. మధ్యాహ్నం రెండుకల్లా అదీ చచ్చేది. రాధమ్మ వడ్లు దాంతోపాటే.

అట్టపెట్టెను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"పాత మాడ్యూల్ ఖతం గాలేదమ్మా," అన్నాడు ప్రేమలతమ్మ వైపు తిరిగి. "తప్పు నాది. నా వేళ్ళకు ఉడుకు తెలుస్తలేదు. పొద్దున గూడ తెలువలే. తెలిసిందనుకొని పది అన్న."

ప్రేమలతమ్మ కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చింది. వ్యాపారం చేసే మనిషి, తప్పు ఒప్పుకునేవాళ్ళను రోజూ చూడదు. "మరి ఇప్పుడెట్ల?" అంది.

"థర్మామీటర్ తేనా?" అన్నాడు నరసయ్య మెల్లగా.

"తే. కానీ అది గాలి ఉడుకు సూస్తది, ఇనుము ఉడుకు, గోడ ఉడుకు సూడది." ఈదయ్య రాధమ్మ వైపు తిరిగాడు. "చెల్లె, నీ చెయ్యి జర కిరాయికిస్తవా?"

"నా చెయ్యా?"

"వడ్ల కుప్పల చెయ్యి పెట్టి లోపట ఎంత ఉడుకున్నదో చెప్పే చెయ్యి. నేను చూపిన కాడల్లా పెట్టి పది లెక్కపెట్టు. ఓర్చుకోకు. కాలుతుందనిపిస్తే తియ్యి."

రాధమ్మ ముందు జనరేటరు పక్క గోడకు అరచెయ్యి ఆనించింది. "లాభం, రెండు, మూడు..." అని మొదలుపెట్టింది. వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఆమెకు వేరే లెక్క రాదు. నాలుగు దగ్గర చెయ్యి తీసింది.

"లాభం గాదు, నష్టమే ఉంది గాడ," అన్నాడు నరసయ్య.

"నువ్ నోర్ముయ్యి. నీ షెడ్డు ఊపిరాడకుంట గోడలు కట్టుకున్నదెవరు?" అంది రాధమ్మ.

ప్రేమలతమ్మ నవ్వు దాచుకుంది. గోడలు కట్టించింది ఆవిడే.

రేడియేటరు ముందు గోడ, ఐదు. మీటర్ల బోర్డు వెనక, ఆరు. తలుపు చెక్క దగ్గర ఎనిమిది వచ్చింది గానీ తలుపు తెరిచి మూసేది, వైర్లు నలుగుతాయి. ఉత్తరం వైపు గోడకు ఒక కిటికీ ఉంది. అవతల ఊక గ్యాసును కడిగే నీళ్ళ తొట్టి. ఇంజిన్ పీల్చుకునే గాలి ఆ కిటికీలోంచే లోపలికి వస్తుంది. కిటికీ కింద గోడలోంచి పొడుచుకొచ్చిన టేకు చెక్క ఒకటి ఉంది, ఎప్పుడో దేనికో పెట్టింది. రాధమ్మ దాని మీద చెయ్యి పెట్టింది.

"లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి..."

"ఏడనవా?" అన్నాడు ఈదయ్య.

"వడ్ల కాడ ఏడు అంటరా ఎవరన్న? ఏడ్పు నోట పలకొద్దు. ఎనిమిది, తొమ్మిది, పది. ఇంకో పది పెట్టమన్నా పెడత. సల్లగ గాలి తగులుతుంది."

ఈదయ్య మణికట్టు ఆనించి తన వంతుగా లెక్కపెట్టాడు. ఈసారి చల్లదనం తెలిసింది.

"గీడనే."

వైరింగు మళ్ళీ మొదటినుంచి విప్పాడు. ఇంజిన్ నుంచి కిటికీకి నాలుగు బారలు. చెక్క మీద బిగిస్తే వేడి ఎక్కదు, కానీ చెక్కలోంచి కరెంటు కూడా పోదు. మాడ్యూలుకు ఇంజిన్ ఇనుముతో చుట్టరికం ఉండాలి, లేకపోతే పనిచేయదు. అందుకని వేలంత మందం వైరొకటి తీసుకుని, దువ్వెన నుంచి ఇంజిన్ దాకా విడిగా లాగాడు. ఇంజిన్ మీద అది బిగించే చోట ప్రతి దసరాకూ పూసిన వెండిరంగు పొరలు పొరలుగా ఉంది. గీకి గీకి ఇనుము తెల్లగా మెరిసేదాకా తెచ్చాడు. మైకు వైరు తొడుగును ఒక కొసన మాత్రమే ఇంజిన్‌కు కలిపి, రెండో కొసను కోసి టేపు చుట్టాడు.

వైర్ల కొసలు వేళ్ళతో నలిపి మెలితిప్పే పని వచ్చేసరికి ఆగాడు. ఇన్నేళ్ళూ ఆ మెలి బిగిసిందో లేదో వేళ్ళే చెప్పేవి. ఇప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క మెలినీ వెలుతురుకు ఎత్తి చూసి, లాగి చూసి, ఆ తర్వాతే అతుకు వేశాడు. పావుగంట ఎక్కువ పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. మధ్యలో ఒకసారి కాలిన టంకం కడ్డీ మొన ఆయన చిటికెన వేలికి తగలబోతే నరసయ్య "అన్నా, వేలు!" అని అరిచాడు. ఆయన వేలు జరిపాడు. అంతే.

ఒకటిన్నరకు కిటికీ చెక్క మీద పాత మాడ్యూలుతో ఇంజిన్ అందుకుంది.

నలభై నిమిషాలు. ఏభై ఐదు. ఈదయ్య ఇంజిన్ దగ్గర కూర్చోలేదు. కిటికీ కింద గోనెపట్టా మీద కూర్చుని, పావుగంటకోసారి మణికట్టు దువ్వెనకు ఆనించి చూసుకున్నాడు. గంట దాటాక రాధమ్మ కూడా వచ్చి చెయ్యి పెట్టి, "పదికి పది," అని చెప్పిపోయింది. పోతూ పోతూ వెనక్కి తిరిగింది.

"అన్నా, బండ్ల నాడి జూస్తవ్ గదా, మరి నీ నాడి ఎవరు సూడాలె?"

"సూసిండు డాక్టర్. నేనే అబద్ధం జెప్పిన."

"రేపు పోయి నిజం జెప్పు. డాక్టర్లకు మైకు వైరుండదు, మనం చెప్పిందే వింటరు."

నరసయ్య పగలబడి నవ్వాడు. ఈదయ్యకూ నవ్వొచ్చింది.

మూడున్నరకు నాలుగు చినుకులు పడ్డాయి, రేకుల మీద టపటపమని. రాధమ్మ పైకి చూసింది. వాన ఎక్కువ కాలేదు. ఐదింటికి గింజ కొరికితే మెత్తగా నలగడం మానేసి కటుక్కుమంది. ఆరుంబావుకు ప్రేమలతమ్మ తేమ కొలిచే మిషన్ తెచ్చి మూడు చోట్ల గింజలు పోసి చూసింది. మూడుసార్లూ సరైన అంకెలోనే వచ్చింది. ఇంజిన్ అప్పటికి నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలు ఆగకుండా తిరిగింది. మధ్యలో ఒక్క దగ్గు కూడా లేదు.

"ఆపొచ్చు," అంది ప్రేమలతమ్మ. "తరువాతి లోడు ఎక్కియ్యాలె. గేటు కాడ ఇంకా మూడు ట్రాక్టర్లున్నయ్."

ఇంజిన్ ఆగింది. ఈసారి తాళం తీస్తేనే ఆగింది. వడ్లు బస్తాల్లోకి జారుతుంటే రాధమ్మ ప్రతి బస్తాలోనూ ఒకసారి చెయ్యి దూర్చి తీస్తోంది.

ఈదయ్య జేబులోంచి అట్టపెట్టె తీసి నరసయ్య చేతికిచ్చాడు.

"పాతది ఇయ్యాల మంచిగనే నడిచింది. కానీ శాన ఉడుకు తిన్నది, ఎప్పుడు మొండికేస్తదో తెల్వది. కొత్తది పెట్టు, పాతది దాచుకో."

"నేనా?"

"రేపు నేను సూర్యాపేటల ఉంట. నువ్వు గీడ ఉంటవ్."

నరసయ్య స్క్రూలు విప్పాడు. పాత పేస్టు తుడిచాడు. కొత్త పేస్టు మందంగా పూయబోతే ఈదయ్య దాని వైపు చూశాడు. నరసయ్య సగం తీసేశాడు. గోరుతో గీసి, లోహం మెరిసిందో లేదో చూసుకుని, మాడ్యూలు కూర్చోబెట్టి, ఎదురెదురు స్క్రూలు మార్చి మార్చి బిగించాడు. ముందు ఇంజిన్ ఇనుముకు పోయే మందం వైరు పెట్టాడు, ఆ తర్వాతే మిగిలినవి.

"ఎందుకు ముందు అదే పెట్టినవ్?" అడిగాడు ఈదయ్య.

"అది లేకుంట వేరేవి కలిపితే మాడ్యూల్ కాలుతది."

"ఎవరు జెప్పిండ్రు?"

"నువ్వు ఇందాక గట్లనే పెట్టినవ్. సూసిన."

ఈదయ్య తల ఊపాడు. పక్కకు జరిగి నిలబడ్డాడు.

నరసయ్య బటన్ నొక్కాడు. రెండు చుట్లు తిరిగి ఇంజిన్ అందుకుంది. ప్రేమలతమ్మ గేటు వైపు చెయ్యి ఊపితే మొదటి ట్రాక్టరు వెనక్కి వచ్చి డ్రయరు ముందు ఆగింది. నరసయ్య కిటికీ చెక్క మీద ఒకసారి, ఇంజిన్ మీద ఒకసారి చూపు వేసి, జనరేటరు స్విచ్చి పైకెత్తాడు. ఈదయ్య పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి సంచిలో వేసుకుని షెడ్డులోంచి బయటికి నడిచాడు.